చెల్లి గ్లాసులోనే ఎక్కువున్నాయి!

పసిపిల్లల చదువులు: మీ ఉత్తరాలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే గొడవ. గ్లాసులు, రూపాయి బిళ్లలు, పిండిముద్దలు. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. మొదటి జవాబు కాస్త పొడుగే, మిగతావాళ్లు కూడా అది చదివాకే మీ జవాబుకి రండి.

ప్రశ్న: మా బాబుకి ఐదేళ్లు నిండాయి, యూకేజీ చదువుతున్నాడు. సాయంత్రం వాడికీ చెల్లికీ ఒకే కప్పుతో కొలిచి పాలు పోస్తాను. చెల్లిది సన్నటి పొడుగు గాజు గ్లాసు, వాడిది వెడల్పాటి మగ్గు. రోజూ ఏడుపే, "చెల్లి గ్లాసులోనే ఎక్కువున్నాయి" అని. కళ్లముందు కొలిచి చూపించినా అంతే. విసుగొచ్చి వాడి మగ్గులో పాలు పొడుగు గ్లాసులోకి మారిస్తే "ఆఁ, ఇప్పుడు ఎక్కువయ్యాయి" అని హాయిగా తాగేస్తాడు! ఒకటో తరగతి అడ్మిషన్‌కని ఒక స్కూలుకి తీసుకెళ్తే అక్కడి మేడమ్ కూడా నీళ్లతో ఇలాంటిదే ఏదో అడిగి "కాన్సెప్ట్స్ వీక్" అని కాగితం మీద రాసిచ్చారు. మా ఆయనకి అప్పట్నుంచీ టెన్షన్. ట్యూషన్ పెట్టించాలా?
– ఒక తల్లి, మియాపూర్

జవాబు: ట్యూషన్ వద్దమ్మా. ముందు ఆ కాగితం తీసి అవతల పెట్టండి. ఐదేళ్ల పిల్లల్లో చాలామంది మీవాడు చెప్పినట్టే చెప్తారు. వాడు చూస్తున్నది పాలు ఎందాకా వచ్చాయన్నది ఒక్కటే. గ్లాసు సన్నగా ఉండబట్టి పాలు పైకొచ్చాయి అనే రెండో సంగతి కూడా కంటికి కనిపిస్తూనే ఉంటుంది గానీ, ఎత్తునీ వెడల్పునీ ఒకేసారి తలలో పెట్టుకుని ఒకదాంతో ఒకటి సరిపెట్టుకోవడం ఇంకా రాలేదు. అలాగే, పోసిన పాలని వెనక్కి మగ్గులోకి పోస్తే మళ్లీ మొదటికే వస్తాయి కదా అని మనసులోనే వెనక్కి నడిచి చూసుకోవడం కూడా ఇంకా అలవాటు కాలేదు. ఈ రెండూ వస్తాయి. నేర్పితే వచ్చేదానికంటే పోసి పోసి చూస్తే వచ్చేది ఎక్కువ.

దీని మీద చాలా పని చేసినాయన జీన్ పియాజే, స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త, 1896లో పుట్టి 1980లో పోయారు. కుర్రతనంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలు సరిచేసే పనిలో కుదిరారు. ఎవరికెన్ని ఒప్పులొచ్చాయో లెక్కెయ్యడం ఆయన పని. ఆయన దృష్టేమో తప్పుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకేరకం తప్పులు చేస్తున్నారు, పైగా ఎందుకలా చెప్పావని అడిగితే వాళ్ల దగ్గర కారణం కూడా ఉంది! 1941లో అలీనా షెమిన్స్కాతో కలిసి, పిల్లలకి సంఖ్య ఎలా పట్టుబడుతుందో పుస్తకం రాశారు. మీ ఇంట్లో పాల గొడవే అందులో గాజుపాత్రలతో, పూసలతో ఉంటుంది. మన డీఎడ్ పుస్తకాలు దీన్ని పదిలపరచుకొనే భావన అంటాయి. ఏమీ కలపలేదు, ఏమీ తియ్యలేదు, ఆకారం ఒక్కటే మారింది, కాబట్టి ఉన్నది ఉన్నంతే అని తెలియడం. అది కూడా అన్నిట్లో ఒకేసారి రాదు. వస్తువుల లెక్క, నీళ్లు దాదాపు ఆరేడేళ్లకి, మట్టిముద్ద ఏడు ఎనిమిదికి, అదే ముద్ద బరువు తొమ్మిది పదికి, నీళ్లలో ముంచితే ఎంత చోటు తీసుకుంటుందన్నది పదకొండు పన్నెండుకి, పిల్లని బట్టి అటూ ఇటూగా. అంటే మూడో తరగతి పిల్ల కూడా బరువు దగ్గర తడబడొచ్చు, ఆ పిల్లని ఎవరూ వీక్ అనరు.

ఇప్పుడు మీ వంటింట్లోకి వద్దాం. రేపు సాయంత్రం పాలు మీరు పొయ్యకండి, వాడి చేత పోయించండి. కాసినవి కాదులెండి, చల్లారినవి. లేదంటే మధ్యాహ్నం నీళ్లతో మొదలెట్టండి, ఒలికినా బాధ లేదు. పొయ్యబోయే ముందు ఒక రబ్బరు బ్యాండు చేతికిచ్చి "ఈ మగ్గులో నీళ్లు ఆ గ్లాసులో పోస్తే ఎందాకా వస్తాయో అక్కడ పెట్టు" అనండి. చాలామంది పిల్లలు మగ్గులో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో గ్లాసుకీ అంత ఎత్తునే బ్యాండు పెడతారు. తర్వాత పోస్తాడు. నీళ్లు బ్యాండు దాటి పైకి వెళ్లిపోతాయి. అప్పుడు వాడి మొహం చూడండి, మీరేమీ మాట్లాడకండి. ఆ ఒక్క క్షణం చేసే పని మీరూ నేనూ గంటసేపు చెప్పినా జరగదు. మళ్లీ మగ్గులోకి పొయ్యమనండి. మళ్లీ గ్లాసులోకి. తనంతట తాను "ఇది సన్నగా ఉంది కదా" అన్నాడంటే సగం పని అయిపోయినట్టే. అనకపోతే వారం ఆగి ఇంకో గిన్నెతో.

ఇంకొకటి గమనించండి, ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. వాడు "ఇది పొడుగ్గా ఉంది, అందుకే ఎక్కువ" అంటూ ఉంటే చేతుల వైపు చూడండి. నోరు పొడుగంటూ ఉంటే చెయ్యి ఒక్కోసారి గ్లాసు చుట్టుకొలత పట్టుకున్నట్టు గుండ్రంగా వంగుతుంది. చికాగోలో బ్రెకిన్‌రిడ్జ్ చర్చ్, సుసాన్ గోల్డిన్-మెడో అనే ఇద్దరు 1986లో ఇదే రాశారు. నోరొకటీ చెయ్యొకటీ చెప్పే పిల్లలకి కాస్త దారి చూపిస్తే మిగతావాళ్లకంటే బాగా అందుకున్నారట. వెడల్పు సంగతి వాడి చేతికి ముందే తెలిసిపోయిందన్నమాట, నోటిదాకా రావాలి.

చెయ్యకూడనిది ఒకటుంది. "రెండూ సమానం, చెప్పు, స-మా-నం" అని బట్టీ పట్టించడం. పట్టిస్తే చెప్తాడు. పక్కనే చపాతీ పిండి ఉండని నలిపి పాములా సాగదీసి అడగండి, "పాములో ఎక్కువుంది" అంటాడు. మీకు ఏం మిగిలింది?

ఇక ఆ స్కూలు మేడమ్ రాసిన కాగితం. విద్యాహక్కు చట్టం, 2009లో 13వ సెక్షన్ ఉంది, ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లల్నిగానీ తల్లిదండ్రుల్నిగానీ వడపోసే పరీక్ష పెట్టకూడదంటుంది. పెడితే మొదటిసారి రూ.25,000 వరకు, ఆ తర్వాత ప్రతిసారీ రూ.50,000 వరకు జరిమానా. "ఇంటరాక్షన్" అని పేరు మార్చి అడుగుతూనే ఉంటారు, తెలుసు. కానీ పిల్లల ఆలోచన ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి పుట్టిన ప్రశ్నని గేటు దగ్గర పిల్లల్ని వెనక్కి పంపడానికి వాడుతుంటే ఒళ్లు మండుతుంది నాకు.

మీ ఆయనకి ఒక పని చెప్పండి. షాపుకెళ్లినప్పుడు షాంపూ సీసాలు రెండు చేతిలోకి తీసుకుని, మిల్లీలీటర్ల అంకె చూడకుండా ఏది ఎక్కువో చెప్పమనండి. పెద్దవాళ్లం కూడా పొడుగు సీసా వైపే మొగ్గుతాం.

సాయంత్రం పూట ప్రశాంతత కావాలంటే మాత్రం బేగంబజార్ వెళ్లి ఒకే సైజు గ్లాసులు రెండు కొనుక్కురండి. అది చదువు కిందికి రాదు, సంసారం కిందికి వస్తుంది. బాబుకి మాటలు సరిగ్గా రాకపోయినా, పిలిస్తే పలక్కపోయినా, ముందు చేసిన పనులు ఇప్పుడు చెయ్యలేకపోతున్నా, అప్పుడు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. గ్లాసు గొడవకి అక్కర్లేదు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. పియాజే గురించి ఎక్కడో చదివి మా పాప మీద ప్రయత్నించాను, నాలుగున్నరేళ్లు. రెండు వరసల్లో ఆరేసి రూపాయి బిళ్లలు పేర్చి అడిగితే సమానమే అంది. ఒక వరసని దూరం దూరంగా జరిపి మళ్లీ అడిగితే "ఇందులో ఎక్కువ" అంది. సరే అనుకున్నా. మర్నాడు బిళ్లలు పేర్చి ఉండగా పాకుతూ వచ్చిన మా చిన్నాడు చెయ్యి పెట్టి ఒక వరస చెదరగొట్టేశాడు. మా అమ్మ "అయ్యో, ఇప్పుడెన్నున్నాయే" అంటే పాప "అవే కదా బామ్మా" అంది! మరి పియాజే చెప్పింది తప్పా, మా పాప ఒక్కరోజులో ఎదిగిపోయిందా?
– మలక్‌పేట నుంచి ఒక నాన్న

జవాబు: రెండూ కాదు. మీ చిన్నాడు తెలియకుండానే ఒక పెద్ద ప్రయోగం చేసేశాడు సార్, వాడికి ముద్దివ్వండి.

ఎడిన్‌బరాలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ అచ్చం ఇదే చేశారు, 1970ల్లో. పెద్దమనిషి వరస జరపడానికి బదులు పెట్టెలోంచి ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ దూకి ఆటంతా పాడుచేసినట్టు వరస చెదరగొడుతుంది. తర్వాత అదే ప్రశ్న. పెద్దవాళ్లు జరిపినప్పటికంటే బొమ్మ చెదరగొట్టినప్పుడు సరిగ్గా చెప్పిన పిల్లలు చాలా ఎక్కువ. దాదాపు అదే కాలంలో, 1974లో, సుసాన్ రోజ్, మేరియన్ బ్లాంక్ అనే ఇద్దరు ఇంకో సంగతి చూశారు. జరపకముందు ఒకసారి, జరిపాక ఒకసారి, రెండుసార్లు అడగడం మానేసి జరిపాక ఒక్కసారే అడిగితే కూడా జవాబులు మెరుగయ్యాయి.

ఎందుకో మన ఇళ్లు చూస్తే తెలిసిపోతుంది. నాన్న అంతటివాడు వచ్చి పని మానుకుని కింద కూర్చుని బిళ్లలు పేర్చాడు. జవాబు చెప్పాను. మళ్లీ ఆయనే చెయ్యి పెట్టి కావాలని జరిపి, అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నాడు. అంటే ఏదో మారి ఉండాలి, లేకపోతే నాన్న ఎందుకు అడుగుతాడు? మన పిల్లలకి ఈ విద్య మూడేళ్లకే వచ్చేస్తుంది, రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పని. "బాగా ఆలోచించి చెప్పు నాన్నా" అని మనం ఎంత ప్రేమగా అన్నా వాళ్లకి వినపడేది "తప్పు చెప్పావ్, మార్చు" అనే. మా టీచర్లం అయితే మరీ. ఒప్పు చెప్పిన పిల్లని "వెరీ గుడ్, కూర్చో" అంటాం, తప్పు చెప్పిన పిల్లనే "ఎందుకలా అన్నావ్" అని నిలబెడతాం. ఇక ఎందుకు అనే మాట వింటేనే తప్పు చేశానేమో అని బెదిరిపోక ఏం చేస్తారు? ఒప్పు చెప్పినప్పుడు కూడా అంతే కుతూహలంగా "నీకెలా తెలిసింది?" అని అడిగి చూడండి, నెల తిరక్కుండా పాప మాటల్లో తేడా తెలుస్తుంది.

అయితే పియాజే కొట్టుకుపోయాడని కాదు. ఆయన పిల్లల్ని తక్కువ అంచనా వేశారు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ ఎంత బాగా అడిగినా ఐదేళ్లవాళ్లకి మట్టిముద్ద బరువు సంగతి తేలిగ్గా పట్టుబడదు, ముందు లెక్క, తర్వాత ముద్ద, ఆ తర్వాత బరువు అన్న వరస చాలావరకు నిలబడింది. దానికితోడు చేతికి ఏది అలవాటో అదీ కలుస్తుంది. మెక్సికోలో కుండలు చేసేవాళ్ల పిల్లల్ని ప్రైస్-విలియమ్స్ బృందం పరీక్షించి 1969లో రాసింది. మట్టి విషయంలో ఆ పిల్లలు మిగతా పిల్లలకంటే ముందున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ పిసుకుతున్నది అదే మరి.

మీరు మాత్రం ఇంక పరీక్షలు ఆపండి. బిళ్లలు పాపకిచ్చి మీరు అవతలివైపు కూర్చోండి, పాప పేర్చాలి, పాప అడగాలి, మీరు చెప్పాలి. కావాలని ఒక తప్పు జవాబు చెప్పి చూడండి. మీకు నచ్చజెప్పడానికి ఏయే కారణాలు వెతుక్కుంటుందో అందులోనే అంతా ఉంది.

ప్రశ్న: బోరబండ దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్ని. టెట్‌కి చదివేటప్పుడు పూర్వ ప్రచాలక దశ (పియాజే లెక్కలో రెండు నుంచి ఏడేళ్ల వయసు), ఏకమితి (ఒక్క కోణమే చూడటం), పదిలపరచుకొనే భావన అన్నీ బిట్లుగా బట్టీ పట్టాను, మార్కులొచ్చాయి. క్లాసులో 34 మంది. సామాను కొనరు. కరస్పాండెంట్‌గారికి నోట్‌బుక్కులు నిండాలి, తల్లిదండ్రులకి హోంవర్కు కావాలి. చేతులతో నేర్పించడం అంటారు, ఎలా మేడమ్?
– ఒక టీచర్

జవాబు: 34 మందికీ ఒకేసారి చేయిస్తే క్లాసు మీ చేతిలో ఉండదు, కాబట్టి ఆ ఆలోచన వదిలెయ్యండి. ఆరుగురు మీ దగ్గర, మిగతావాళ్లు పలకల మీద బొమ్మలు. రోజుకో ఆరుగురు. వారం తిరిగేసరికి అందరి చేతులూ తడుస్తాయి.

సామానుకి డబ్బు అక్కర్లేదు. పిల్లల్నే తెమ్మంటే నీళ్ల సీసాల మూతలు బస్తాడు తెస్తారు. పనికిరాని సీసాలు, పొడుగువీ పొట్టివీ, ఒక గరాటు, ఒక టబ్బు. ఎవరింట్లోనైనా పాతకాలం కొలపాత్రలు సోల, గిద్దె ఉంటే అడిగి తెచ్చుకోండి, ఇప్పుడు అటకెక్కిపోయాయి గానీ ఇంతకంటే మంచి పరికరం నేను చూళ్లేదు. ఒక సోల ఇసుక నిండటానికి ఎన్ని గిద్దెలు పట్టాయో పిల్లలే పోసి చూస్తారు, పళ్లెంలో పరిచినా చెంబులో పోసినా మళ్లీ అన్నే గిద్దెలు. ఇసుక నీళ్లకంటే నయం, ఒలికితే చీపురు చాలు. ఎండాకాలం నీళ్లకి కటకట అయితే అసలే ఇసుకతో కానివ్వండి, నీళ్లు వాడిన రోజు ఆ టబ్బు మొక్కల్లో పోయించండి. వినాయక చవితి ముందు ధూల్‌పేట వైపు వెళ్లేవాళ్లెవరైనా ఉంటే కాస్త మట్టి తెప్పించండి. ఒకేలాంటి రెండు ఉండలు చెయ్యమని, అవి సమానమని పిల్లలే తేల్చుకున్నాక (ఇది ముఖ్యం, మీరు తేల్చకండి, కొంచెం గిల్లి ఇటు అతికించి అటు అతికించి వాళ్లే సరిచేసుకోవాలి) ఒక ఉండని పాముగా మార్చి ఊరుకోండి. వాదన దానంతటదే మొదలవుతుంది. ఒకడు "పాము పెద్దది" అంటాడు, ఇంకొకతి "మళ్లీ ఉండ చేస్తే అదే వస్తుందిరా" అంటుంది. ఆ పిల్ల మాట మీ మాటకంటే బాగా పనిచేస్తుంది, మధ్యలో దూరి తీర్పు చెప్పకండి.

వామన గుంటలు ఆడించండి. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు, చింతగింజలు ఒక్కో గుంటకి ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి కదా, లెక్క చేతివేళ్లకి ఎక్కడానికి అంతకంటే ఏం కావాలి. నేల మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసినా చాలు. మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం గింజలు వద్దు, ముక్కులోనో చెవిలోనో పెట్టేసుకుంటారు, మూతలే పెద్దవి వాడండి.

కరస్పాండెంట్‌గారి సంగతి. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అంది, 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటతో, వస్తువులతో నేర్పమని స్పష్టంగా చెప్పింది. ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టండి. దానికే ఆయన కరిగిపోతారని నేననను. తల్లిదండ్రుల మీటింగ్ రోజు ఒక టబ్బూ రెండు సీసాలూ పెట్టి, తల్లుల ముందే పిల్లల చేత పోయించండి, ఏ సీసాలో ఎక్కువ అని ముందు తల్లుల్ని అడగండి. నోట్‌బుక్కు అడిగేవాళ్ల కోసం ఆ రోజు చేసిన పనిని పిల్లలు బొమ్మగా గీస్తే, కింద వాళ్లు అన్న మాట మీరు తెలుగులో రాసి తేదీ వెయ్యండి. నోట్‌బుక్కూ నిండుతుంది, మూడు నెలల తర్వాత తిప్పి చూస్తే పిల్లల ఆలోచన ఎక్కడ మలుపు తిరిగిందో మీకే కనిపిస్తుంది. మార్కులు మాత్రం వెయ్యకండి.

ప్రశ్న: మా మనవరాలు, నాలుగేళ్లు, ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్తుంది. ఎనిమిది జామకాయలు లెక్కపెట్టమంటే సరిగ్గా పెడుతుంది, "మొత్తం ఎన్నమ్మా" అంటే మళ్లీ మొదట్నుంచీ లెక్కపెడుతుంది. మా కోడలు అబాకస్ క్లాసులో చేర్పిస్తానంటోంది.
– ఒక తాతయ్య, మారేడుపల్లి

జవాబు: చివరగా పలికిన అంకే మొత్తం అన్న సంగతి పాపకి ఇంకా తట్టలేదు తాతగారూ, నాలుగేళ్లకి ఇది మామూలే. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ 1978లో లెక్కపెట్టడంలో ఉన్న మెట్లు విడదీసి చూపించారు. వస్తువుకొక్క అంకె, అంకెలు ఎప్పుడూ ఒకే వరసలో, చివరి అంకే మొత్తం, ఏ వస్తువైనా లెక్కపెట్టొచ్చు, ఎటునుంచి మొదలెట్టినా ఫర్వాలేదు. వంద దాకా చెప్పడం ఇందులో ఒక్క మెట్టే.

అబాకస్ ఇప్పుడొద్దని కోడలుగారికి మెల్లగా చెప్పండి. సాయంత్రం చాయ్ వేళ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూసి వచ్చి డబ్బాలోంచి అన్నే ఉస్మానియా బిస్కెట్లు ఒక్క విడతలో తెమ్మనండి. తక్కువైతే మళ్లీ వెళ్తుంది, మిగిలితే తనే తింటుంది.

ప్రశ్న: మా వీధిలో మూడు ప్లేస్కూళ్లు, మూడింటికీ "మాంటిస్సోరి" అనే బోర్డు. ఏది నిజం?
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి బోర్డు చూసి లాభం లేదు. ఈ పద్ధతి తయారుచేసిన మరియా మాంటిస్సోరి 1939లో మన దేశానికి వచ్చి మద్రాసు అడయారులో టీచర్లకి శిక్షణ ఇచ్చారు, అప్పట్నుంచీ ఇక్కడ ఆ పద్ధతి తెలిసిన మంచి టీచర్లున్నారు, బోర్డులు మాత్రం వాళ్లకంటే చాలా ఎక్కువున్నాయి. లోపలికెళ్లి మాంటిస్సోరి సామానులో ఉండే గులాబీరంగు దిమ్మెల గోపురం ఎక్కడుందో చూడండి, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది దిమ్మెలుంటాయి. అంచులు అరిగి రంగు పోయి ఉంటే పిల్లలు వాడుతున్నట్టు. అద్దాల బీరువాలో కొత్తగా మెరుస్తుంటే వచ్చిపోయేవాళ్లకి చూపించడానికి. మూడేళ్లవాళ్లూ ఐదేళ్లవాళ్లూ ఒకే గదిలో కలిసి ఉన్నారా, పిల్లలు తమంతట తాము సామాను తీసుకుని మళ్లీ అక్కడే పెడుతున్నారా, అదీ చూడండి. దీనికి ఉదయం పదిన్నరప్పుడు వెళ్లి అరగంట క్లాసులో ఓ మూల కూర్చోవాలి. కుదరదు, ఫీజు వివరాలు ఆఫీసులో చెప్తాం అంటే రెండో స్కూలుకి నడవండి.